1ఎన్4007 డయోడు నాకు 0.7 వోల్టు ఎందుకు చూపడం లేదు? రివర్స్ కరెంటు సరళరేఖలా ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: రెండో_ఏడు_ఇసిఇ

నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఇ.సి.ఇ. చదువుతున్నాను. ఎలక్ట్రానిక్ డివైసెస్ ల్యాబులో మా మొదటి ప్రయోగం పి-ఎన్ జంక్షన్ డయోడు (కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగం) లక్షణాల గ్రాఫు గీయడం. ఇంటర్మీడియట్‌లో పురోబయాస్ (ఫార్వర్డ్), తిరోబయాస్ (రివర్స్) అంటూ తెలుగు మాధ్యమంలో చదివినప్పుడు, సిలికాన్ డయోడు 0.7 వోల్టు దగ్గర కరెంటును వదులుతుందని, రివర్స్‌లో పెట్టినప్పుడు వచ్చే కొద్దిపాటి కరెంటు వోల్టేజి పెంచినా దాదాపు మారదని నేర్చుకున్నాను. ల్యాబులో బల్ల ముందు కూర్చున్నాక ఈ రెండు మాటల్లో ఒక్కటీ నిలబడలేదు.

నా అమరిక ఇది. 0 నుంచి 30 వోల్టుల రెగ్యులేటెడ్ పవర్ సప్లై, దాని ప్లస్ నుంచి 1 కిలో ఓము రెసిస్టరు, అక్కడి నుంచి అమ్మీటరుగా పెట్టిన డిజిటల్ మల్టీమీటరు, ఆ తరువాత 1ఎన్4007 డయోడు, తిరిగి సప్లై మైనస్. వోల్ట్‌మీటరుగా పెట్టిన రెండో మల్టీమీటరు సరిగ్గా డయోడు రెండు కాళ్ల మీద ఉంది. ఫార్వర్డ్‌లో వచ్చిన రీడింగులు: 0.1 మిల్లీ ఆంపియర్ దగ్గర 0.447 వోల్టు, 0.5 దగ్గర 0.522, 1 దగ్గర 0.555, 2 దగ్గర 0.587, 5 దగ్గర 0.630, 10 దగ్గర 0.662, 15 దగ్గర 0.681. ఎక్కడా 0.7 రాలేదు. గ్రాఫు గీస్తే మెలిక 0.6 దగ్గర ఉన్నట్టు కనిపించింది, కానీ నిలువు అక్షం స్కేలు మార్చి మళ్లీ గీస్తే ఆ మెలిక కూడా జరిగింది. పక్క బల్ల మీద వాళ్లకు మాత్రం 6 మిల్లీ ఆంపియర్ల దగ్గర అచ్చంగా 0.70 వచ్చింది. వాళ్ల అబ్జర్వేషన్ బుక్‌లో వెంటనే సంతకం పడింది. నన్ను మాత్రం డయోడు మార్చి మళ్లీ తీయమన్నారు. మూడు డయోడులు మార్చినా, రెండు మూడు మిల్లీవోల్టుల తేడాతో అవే అంకెలు వచ్చాయి.

రివర్స్‌లో ఇంకా విచిత్రంగా ఉంది. డయోడును తిప్పి, అమ్మీటరును 200 మైక్రో ఆంపియర్ల రేంజిలో పెట్టి, మిగిలినదంతా యథాతథంగా ఉంచాను. 2 వోల్టుల దగ్గర 0.2 మైక్రో ఆంపియర్, 5 దగ్గర 0.5, 10 దగ్గర 1.0, 20 దగ్గర 2.0, 30 దగ్గర 3.0 వచ్చాయి. ఇది డయోడు గ్రాఫులా లేదు, ఓము సూత్రం గ్రాఫులా ఉంది. రివర్స్‌లో డయోడు ఒక పెద్ద రెసిస్టరులా పనిచేస్తుందా? లేక నా డయోడులు మూడూ పాడైపోయినవేనా? రికార్డులో పుస్తకంలోని అంకెలు వేసేసి ముగించమని స్నేహితులు సలహా ఇస్తున్నారు. కాకిలెక్కలు రాయడం నాకు ఇష్టం లేదు, కానీ వైవాలో అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

సమాధానం 1: పాత_బెంచీ

ఒక పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుని పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ డయోడులు మూడూ బాగున్నాయి, మీ రీడింగులు కూడా బాగున్నాయి. అయితే రివర్స్ రీడింగులు డయోడువి కావు.

మీరు రాసిన ప్రతి వరుసలోనూ వోల్టేజిని కరెంటుతో భాగించి చూడండి. 2 వోల్టులను 0.2 మైక్రో ఆంపియర్‌తో భాగిస్తే కోటి ఓములు. 10ని 1.0తో భాగించినా కోటి ఓములే, 30ని 3.0తో భాగించినా కోటి ఓములే. ఏ డయోడూ ఇంత నియమంగా ఉండదు. కోటి ఓములంటే 10 మెగా ఓములు, అది చాలా డిజిటల్ మల్టీమీటర్లకు డి.సి. వోల్టుల రేంజిలో ఉండే ఇన్‌పుట్ రెసిస్టెన్సు. మీ అమ్మీటరు దాటిన కరెంటు రెండు దారుల్లో పోతోంది: ఒకటి డయోడు, రెండోది డయోడు మీద పెట్టిన వోల్ట్‌మీటరు. రివర్స్‌లో డయోడు దారి దాదాపు మూసుకుపోయి ఉంది కాబట్టి, మీ అమ్మీటరు ఇంతసేపూ మీ వోల్ట్‌మీటరు తాగుతున్న కరెంటునే కొలిచింది.

మా రోజుల్లో ఈ పొరపాటు దాక్కునేది కాదు. వోల్టుకు 1000 ఓముల చొప్పున ఉండే 30 వోల్టుల సూది మీటరుకు లోపలి రెసిస్టెన్సు 30 కిలో ఓములు మాత్రమే. దాన్ని ఇలా పెట్టి 20 వోల్టులు ఇస్తే, 500 మైక్రో ఆంపియర్ల అమ్మీటరు సూది చివరిదాకా పోయి మేకును కొట్టుకునేది, విద్యార్థి ఉలిక్కిపడి సప్లై ఆపేసేవాడు. ఇప్పటి మీటర్లు మర్యాదస్తులు, తప్పును కూడా మూడు అంకెల్లో నెమ్మదిగా చూపిస్తాయి.

అందుకే మాన్యువల్‌లో ఫార్వర్డ్‌కు ఒక బొమ్మ, రివర్స్‌కు మరో బొమ్మ ఉంటాయి. రెండింటికీ తేడా డయోడు తిరగడం ఒక్కటే అనుకుని చాలామంది రెండో బొమ్మను సరిగా చూడరు. రివర్స్ బొమ్మలో వోల్ట్‌మీటరు డయోడు మీద ఉండదు, అమ్మీటరు, డయోడు రెండింటినీ కలిపి వాటి బయట ఉంటుంది. అప్పుడు వోల్ట్‌మీటరు తాగే కరెంటు అమ్మీటరు గుండా వెళ్లదు. అమ్మీటరు మీద పడే వోల్టేజి కూడా కొలతలో కలుస్తుంది కదా అంటారేమో. 200 మైక్రో ఆంపియర్ల రేంజిలో మామూలు మల్టీమీటరు లోపలి రెసిస్టెన్సు సుమారు 1 కిలో ఓము ఉంటుంది. 1 మైక్రో ఆంపియర్ పారినా పడేది 1 మిల్లీవోల్టు. 20 వోల్టుల ముందు దాన్ని ఎవరు లెక్కచేస్తారు?

ఫార్వర్డ్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ డయోడు మీద ఉన్నదే అర వోల్టు పైచిలుకు. 20 మిల్లీ ఆంపియర్ల రేంజిలో అమ్మీటరు లోపల 10 ఓముల దాకా ఉంటుంది, 10 మిల్లీ ఆంపియర్లు పారితే దాని మీదే 0.1 వోల్టు పడుతుంది. వోల్ట్‌మీటరును అమ్మీటరుకు బయట పెడితే ఆ 0.1 కూడా డయోడు ఖాతాలో చేరుతుంది. పక్క బల్ల వాళ్ల 0.70 గురించి నా అనుమానం ఇదే. మీ రీడింగుల ప్రకారం 6 మిల్లీ ఆంపియర్ల దగ్గర డయోడు మీద ఉండాల్సింది 0.638 వోల్టు. దానికి 6 మిల్లీ ఆంపియర్లను 10 ఓములతో గుణించి వచ్చే 0.060 కలపండి, 0.698 అవుతుంది. వాళ్ల తీగలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసి రండి. తప్పు అమరికలో పుస్తకం అంకె వచ్చినందుకు వాళ్లకు సంతకం పడి ఉంటే, సరైన అమరికలో పుస్తకం అంకె రానందుకు మీకు పడలేదన్నమాట.

ఒక హెచ్చరిక. అమరిక సరిచేశాక మీ అమ్మీటరు 0.0 అనే చూపుతుంది. ఆ రేంజిలో అది చూపగల కనీస మెట్టు 0.1 మైక్రో ఆంపియర్, మంచి 1ఎన్4007 గది ఉష్ణోగ్రతలో అంతకన్నా చాలా తక్కువ కారుతుంది. డేటాషీటులో ఇచ్చిన 5 మైక్రో ఆంపియర్లు 25 డిగ్రీల దగ్గర, పూర్తి 1000 వోల్టులు పెట్టినప్పుడు మించకూడని హద్దు మాత్రమే, మామూలుగా ఉండే విలువ కాదు. నిజమైన లీకేజి చూడాలని ఉంటే అమ్మీటరును పక్కన పెట్టి, మీకు అడ్డుపడిన ఆ కోటి ఓములనే పనికి పెట్టండి. సప్లై, రివర్స్‌లో డయోడు, వోల్ట్‌మీటరు, ఈ మూడింటినీ ఒకే వరుసలో కలపండి. డయోడు ఎంత కారితే అంత వోల్ట్‌మీటరు గుండానే పోవాలి. మీటరులో కనిపించే ప్రతి మిల్లీవోల్టూ 0.1 నానో ఆంపియర్‌తో సమానం.

సమాధానం 2: సగంసైకిల్

రివర్స్ సంగతి పాత_బెంచీ గారు తేల్చేశారు కాబట్టి నేను 0.7 గురించి మాత్రమే రాస్తాను. సర్క్యూట్ డిజైన్ నా వృత్తి. ఈ అంకెను నేను రోజూ వాడతాను, అయినా అది డయోడు గుణం అని ఎప్పుడూ అనుకోను.

విలియం షాక్లీ 1949లో ప్రచురించిన జంక్షన్ సిద్ధాంతంలో 0.7 అనే అంకె మీకు ఎక్కడా కనిపించదు. ఆ సిద్ధాంతంలోని డయోడు సమీకరణం చెప్పేది ఒక్కటే: ఫార్వర్డ్ కరెంటు వోల్టేజితో ఘాతాంక పద్ధతిలో పెరుగుతుంది. అంటే వోల్టేజికి ఒక స్థిరమైన మొత్తం కలిపిన ప్రతిసారీ కరెంటు పదింతలు అవుతుంది. మీ రీడింగులను ఈ దృష్టితో చదవండి. 0.1 నుంచి 1 మిల్లీ ఆంపియర్‌కు వెళ్లడానికి 0.447 నుంచి 0.555 దాకా, అంటే 108 మిల్లీవోల్టులు పట్టింది. 1 నుంచి 10కి వెళ్లడానికి 107. 0.5 నుంచి 5కు వెళ్లడానికి మళ్లీ 108. చవకైన రెండు మల్టీమీటర్లతో, బ్రెడ్‌బోర్డు మీద, ఒక విద్యార్థి తీసిన అంకెలు ఇంత పొందికగా రావడం చూసి ముచ్చటేసింది. ఇలాంటి పట్టికను పక్కకు నెట్టి డయోడు మార్చమనడం అన్యాయం.

మామూలు గ్రాఫు కాగితం వదిలేసి సెమీలాగ్ కాగితం తీసుకోండి. వోల్టేజి అడ్డంగా మామూలు స్కేలులో, కరెంటు నిలువుగా లాగ్ స్కేలులో వేయండి. మీ ఏడు బిందువులూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత మీద కూర్చుంటాయి, ఆ గీతలో మెలిక అనేదే ఉండదు. మామూలు గ్రాఫులో కనిపించిన మెలిక కాగితం మీదిది, డయోడులోది కాదు. నిలువు అక్షం పై కొసలో 15 మిల్లీ ఆంపియర్లు పెడితే గీత 0.6 దగ్గర లేచినట్టు ఉంటుంది, 0.1 మిల్లీ ఆంపియర్ పెడితే 0.4 దగ్గర లేస్తుంది, 1 ఆంపియర్ పెడితే 0.8 దాకా నేలకు అంటుకున్నట్టే ఉంటుంది. స్కేలు మార్చినప్పుడు మెలిక జరిగిందని మీరు కంగారుపడ్డారు కదా, మొత్తం ప్రయోగంలో అతి విలువైన పరిశీలన అదే.

రికార్డులో కట్-ఇన్ వోల్టేజి (డయోడు కరెంటు వదలడం మొదలుపెట్టే వోల్టేజి) అని ఒక గడి ఉంటుంది, దాన్ని నింపక తప్పదు. పుస్తకాల్లో చెప్పే పద్ధతి గీతకు స్పర్శరేఖ గీసి, అది అడ్డ అక్షాన్ని తాకిన చోటును చదవడం. ఇందులోనూ కిటుకు ఉంది. ఘాతాంక వక్రానికి ఎక్కడ స్పర్శరేఖ గీసినా, అది ఆ బిందువు వోల్టేజి కన్నా ఒక స్థిరమైన మొత్తం ఎడమగా అక్షాన్ని తాకుతుంది. మీ డయోడుకు ఆ మొత్తం సుమారు 47 మిల్లీవోల్టులు. కాబట్టి 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర గీస్తే 0.615 వోల్టు వస్తుంది, 1 మిల్లీ ఆంపియర్ దగ్గర గీస్తే 0.508. రెండూ సరైన జవాబులే. అందువల్ల గడిలో ఉత్త అంకె కాకుండా, ఏ కరెంటు దగ్గర స్పర్శరేఖ గీశారో పక్కన రాయండి. వైవాలో ఎవరైనా 0.7 ఏదీ అని అడిగితే, ఎన్ని మిల్లీ ఆంపియర్ల దగ్గర అని వినయంగా తిరిగి అడగవచ్చు.

మరి 0.7 ఎక్కడి నుంచి వచ్చింది? రోజువారీ సర్క్యూట్లలో చిన్న సిలికాన్ డయోడులో పారే కరెంటు కొన్ని మిల్లీ ఆంపియర్ల నుంచి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటుంది. ఆ మేరలో వోల్టేజి 0.6 నుంచి 0.75 మధ్య తిరుగుతుంది, అందుకని ఒక గుండ్రటి అంకె తీసుకున్నారు. 12 వోల్టుల లెక్కలో ఆ తేడా ఎవరికీ పట్టదు. మీ గీతను కిందికి పొడిగిస్తే 1 మైక్రో ఆంపియర్ దగ్గర 0.23 వోల్టు చాలు. పైకి పొడిగిస్తే 1 ఆంపియర్ దగ్గర 0.88 వస్తుంది, డయోడులోని సొంత రెసిస్టెన్సు వల్ల అసలు విలువ ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది. డేటాషీటు 1 ఆంపియర్‌కు హద్దుగా 1.1 వోల్టు ఇస్తుంది. మల్టీమీటరులో డయోడు గుర్తు దగ్గర తిప్పి చూస్తే 0.55 చుట్టుపక్కల కనిపించడానికి కూడా కారణం ఇదే: ఆ మోడులో చాలా మీటర్లు పంపేది ఉజ్జాయింపుగా 1 మిల్లీ ఆంపియర్. జర్మేనియం డయోడుకు 0.3 అని చెప్పేదీ ఇదే లెక్క, దాని లీకేజి సిలికాన్ కన్నా ఎన్నో వేల రెట్లు ఎక్కువ కాబట్టి అదే కరెంటుకు తక్కువ వోల్టేజి సరిపోతుంది.

ఇంకొక మాట. జంక్షన్‌లో ఎలక్ట్రాన్లు, రంధ్రాలు లేమి పొరను (జంక్షన్ దగ్గర ఆవేశ వాహకాలు లేని మేరను) దాటి వెళ్లడమే జరిగితే పదింతలకు సుమారు 60 మిల్లీవోల్టులు పట్టాలి. అవి లేమి పొరలోనే కలిసిపోవడం ఎక్కువైతే 120 దాకా పోతుంది. మీ 107ను గది ఉష్ణోగ్రత వద్ద ఉండే 59.5తో భాగిస్తే 1.8 వస్తుంది. సమీకరణంలో ఐడియాలిటీ ఫ్యాక్టర్ అనే అక్షరం మీ డయోడుకు ఇదే. దీన్ని రికార్డులో వేస్తే, చదివేవారికి మీరు నిజంగా కొలిచారని అర్థమవుతుంది.

ల్యాబు బయటి మాట కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఫెర్డినాండ్ బ్రౌన్ 1874లో సల్ఫైడు స్ఫటికాలు కరెంటును ఒక వైపు ఎక్కువగా, మరో వైపు తక్కువగా పోనిస్తున్నాయని చూశాడు. జగదీశ్ చంద్ర బోస్ గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టరుకు 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. వాళ్లిద్దరి చేతిలోనూ 0.7 లేదు, ఓము సూత్రానికి లొంగని రీడింగుల పట్టిక ఉంది, మీ చేతిలో ఉన్నట్టే.

ప్రశ్నించినవారి జవాబు: రెండో_ఏడు_ఇసిఇ

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉంటే అనుమతి తీసుకుని మళ్లీ చేశాను. పక్క బల్ల మీద వాళ్ల తీగలు అప్పటికే విప్పేశారు, కానీ వాళ్ల అబ్జర్వేషన్ బుక్‌లో వేసిన బొమ్మలో వోల్ట్‌మీటరు నిజంగానే అమ్మీటరుకు బయట ఉంది. నేనూ అలాగే పెట్టి చూశాను, 6 మిల్లీ ఆంపియర్ల దగ్గర 0.70 వచ్చింది. మీటరును డయోడు కాళ్ల మీదకు జరపగానే 0.64కు దిగింది.

రివర్స్‌లో అమరిక మార్చాక 30 వోల్టుల దాకా 0.0 తప్ప ఏమీ రాలేదు. తరువాత అమ్మీటరు తీసేసి వోల్ట్‌మీటరును డయోడుతో వరుసలో పెట్టాను. సప్లై 10 వోల్టులు ఉన్నప్పుడు 71 మిల్లీవోల్టులు, 20 దగ్గర 84, 30 దగ్గర 93 చూపింది. అంటే 7.1, 8.4, 9.3 నానో ఆంపియర్లు. వోల్టేజి మూడింతలైనా కరెంటు మూడో వంతు కూడా పెరగలేదు. పుస్తకం చెప్పిన మాటకు ఇది దగ్గరగానే ఉంది.

వేడి చేస్తే ఏమవుతుందో చూద్దామని డయోడును వేళ్లతో పట్టుకుంటే మీటరు ఒక్కసారిగా 14 వోల్టులకు ఎగిరింది. డయోడు పోయిందనుకుని భయపడ్డాను. వదిలేయగానే తిరిగి 84 మిల్లీవోల్టులకు వచ్చింది. లెక్క వేస్తే నా వేళ్లే డయోడు రెండు కాళ్ల మధ్య 43 లక్షల ఓముల రెసిస్టరులా పనిచేశాయని తేలింది. ఈసారి డయోడును ముట్టుకోకుండా, సోల్డరింగ్ ఐరన్ మొనను దాని నల్లటి ఒంటికి దగ్గరగా, అర సెంటీమీటరు దూరంలో పట్టుకుని కూర్చున్నాను. రీడింగు మెల్లగా పాకుతూ రెండు నిమిషాల్లో 650 మిల్లీవోల్టులకు చేరి అక్కడ ఆగింది. అదే దూరంలో, అంతే సేపు, ఫార్వర్డ్‌లో 1 మిల్లీ ఆంపియర్ దగ్గర చూస్తే 0.555 కాస్తా 0.496కు పడిపోయింది.

ఇంకో సందేహం. వచ్చే వారం మాకు బ్రిడ్జి రెక్టిఫైయర్ (నాలుగు డయోడులతో ఎ.సి.ని డి.సి.గా మార్చే సర్క్యూట్). ముందే చేసిన బ్యాచ్ వాళ్లు సి.ఆర్.ఓ. (తరంగాలను తెర మీద చూపే ఆసిలోస్కోపు) మొదటి ఛానలును ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ మీద, రెండో ఛానలును లోడు రెసిస్టరు మీద పెట్టి, ఇన్‌పుట్‌నూ అవుట్‌పుట్‌నూ ఒకేసారి చూడబోయారట. ఫుల్ వేవ్ (రెండు అర్ధచక్రాలూ) రావాల్సిన చోట హాఫ్ వేవ్ (ఒక్క అర్ధచక్రమే) వచ్చింది, ఒక డయోడు కాలి వాసన వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకోలేనంత వేడెక్కింది. తీగలన్నీ బొమ్మ ప్రకారమే ఉన్నాయని వాళ్లు ఒట్టేసి చెబుతున్నారు. అంతకు ముందు వారం సెంటర్ ట్యాప్ రెక్టిఫైయర్‌ను ఇలాగే చూసినప్పుడు ఏమీ కాలేదు.

సమాధానం 3: షార్ట్‌కట్

ఇది సి.ఆర్.ఓ. ఎర్త్ సమస్య. ప్లగ్గులో పెద్ద పిన్ను తీసేయండి, లేదా రెండు పిన్నుల అడాప్టరు పెట్టండి. మా ల్యాబులో అన్ని సి.ఆర్.ఓ.లూ అలాగే నడిచేవి, ఎవరికీ ఏమీ కాలేదు.

సమాధానం 4: పాత_బెంచీ

పై సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. ఎర్త్ తీసేసిన సి.ఆర్.ఓ.కు గ్రౌండు క్లిప్పు ఎక్కడ తగిలిస్తే దాని ఇనుప ఒంటికీ, నాబ్‌ల పక్కనున్న సాకెట్ల అంచులకూ అదే వోల్టేజి వస్తుంది. ఈ రోజు అది 12 వోల్టులు కావచ్చు, రేపు ఎవరో అదే సి.ఆర్.ఓ.ను మెయిన్స్‌కు నేరుగా కలిపిన సర్క్యూట్ మీద పెడతారు. ఎవరికీ ఏమీ కాలేదనేది, జరిగే రోజు వరకూ అందరూ చెప్పే మాటే. పైగా, ఎర్త్ తీసినా ఈ సమస్య తీరదు. కారణం చూడండి.

సెకండరీ రెండు కొసలను క, ఖ అనుకుందాం. బ్రిడ్జిలో క నుంచి ప్లస్ వైపు ఒక డయోడు, ఖ నుంచి ప్లస్ వైపు ఒక డయోడు, మైనస్ నుంచి క వైపు ఒకటి, మైనస్ నుంచి ఖ వైపు ఒకటి ఉంటాయి. లోడు ప్లస్‌కూ మైనస్‌కూ మధ్యన ఉంటుంది. ఆ బ్యాచ్ వాళ్లు మొదటి ఛానలు గ్రౌండు క్లిప్పును సెకండరీ క కొసకు, రెండో ఛానలు గ్రౌండు క్లిప్పును లోడు మైనస్‌కు తగిలించి ఉంటారు. మామూలు సి.ఆర్.ఓ.లో రెండు ఛానళ్ల గ్రౌండులూ లోపల ఒకే లోహపు ముక్క. అంటే కొలవడానికి పెట్టామనుకున్న రెండు క్లిప్పులూ కలిసి క కొసకూ మైనస్‌కూ మధ్య ఒక తీగ వేశాయి, అక్కడ ఉండాల్సిన డయోడు ఉన్నా లేనట్టే అయింది.

ఇప్పుడు ఒక్కో అర్ధచక్రం చూడండి. ఖ ప్లస్‌గా ఉన్నప్పుడు కరెంటు ఖ నుంచి డయోడు, లోడు, మైనస్ మీదుగా క కొసకు చేరుతుంది, ఇబ్బంది ఏమీ లేదు, తెర మీద ఒక గుట్ట కనిపిస్తుంది. క ప్లస్‌గా ఉన్నప్పుడు మాత్రం క నుంచి ఆ క్లిప్పుల తీగ ద్వారా నేరుగా మైనస్‌కు, అక్కడి నుంచి నాలుగో డయోడు గుండా ఖ కొసకు దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో లోడు లేదు, రెసిస్టరు లేదు, సెకండరీ వైండింగు రెసిస్టెన్సు ఒక్కటే అడ్డు. సెకనుకు యాభై సార్లు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక డయోడు గుండా షార్టు చేసినట్టే. లోడుకు ఈ అర్ధచక్రంలో ఏమీ రాదు, అందుకే హాఫ్ వేవ్. వేడెక్కిన డయోడు ఏదో వాళ్లను అడగండి, మైనస్‌కూ ఖ కొసకూ మధ్య ఉన్నదే అంటారు. ఎర్త్ పిన్ను ఉన్నా లేకున్నా ఆ రెండు క్లిప్పులు లోపల కలిసే ఉంటాయి కాబట్టి ఫలితం మారదు.

సెంటర్ ట్యాప్ అమరికలో వైండింగు నడిమి కొసే లోడుకు మైనస్ కూడా. రెండు క్లిప్పులూ సహజంగానే ఒకే చోట పడతాయి, అందుకే కాలలేదు. హాఫ్ వేవ్‌లోనూ అంతే. బ్రిడ్జిలో మాత్రమే ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ ఉమ్మడి చోటు లేదు.

మీరు ఇలా చేయండి. రెండు గ్రౌండు క్లిప్పులనూ లోడు మైనస్‌కే తగిలించండి. మొదటి ప్రోబు మొనను క మీద, రెండో ప్రోబు మొనను ఖ మీద పెట్టండి. రెండు ఛానళ్లకూ వోల్టుల నాబ్‌ను ఒకే స్థాయిలో ఉంచి, రెండో ఛానలును ఇన్‌వర్ట్ చేసి యాడ్ మోడు నొక్కితే తెర మీద సెకండరీ సైన్ వేవ్ నిండుగా వస్తుంది. ఆ తరువాత ఒక ప్రోబును ప్లస్ మీదకు మార్చి, ఇన్‌వర్ట్, యాడ్ తీసేసి, అవుట్‌పుట్ చూడండి. విడివిడిగా క, ఖ తరంగాలు కూడా ఒకసారి చూడటం మరచిపోకండి. ఒక్కోటి హాఫ్ వేవ్‌లా కనిపించి, సున్నాకు ఒక డయోడు వోల్టేజి మేర కిందికి దిగి ఉంటుంది. ఎందుకో మీరే చెప్పగలరు.

సమాధానం 5: సగంసైకిల్

మీ సోల్డరింగ్ ఐరన్ అంకెల గురించి రెండు ముక్కలు. స్థిరమైన కరెంటు దగ్గర సిలికాన్ డయోడు వోల్టేజి డిగ్రీకి ఉజ్జాయింపుగా 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. మీకు 59 మిల్లీవోల్టులు తగ్గింది, అంటే డయోడు సుమారు 30 డిగ్రీలు వేడెక్కింది. లీకేజి ప్రతి 10 డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు అవుతుందనేది మరో మోటు లెక్క. 30 డిగ్రీలకు మూడు రెట్టింపులు, అంటే ఎనిమిదింతలు: 84ను 8తో గుణిస్తే 672. మీకు వచ్చింది 650. వేరువేరుగా తీసిన రెండు కొలతలు ఒకే ఉష్ణోగ్రతను చూపిస్తున్నాయి. థర్మామీటరు లేకుండా ఇంతకన్నా మంచి సరిచూపు దొరకదు.

సమయం మిగిలితే రెండు సరదా పనులు చేసి చూడండి. గాజు ఒంటి 1ఎన్4148ను అదే లీకేజి అమరికలో పెట్టి, దాని మీద టార్చి వేసి, తరువాత నల్ల టేపు చుట్టి రీడింగులు పోల్చండి. గాజు లోపలికి వెలుతురు పోతుంది కాబట్టి లీకేజి కొలిచేటప్పుడు ట్యూబులైటు కూడా సర్క్యూట్‌లో భాగమే. రెండోది, 1ఎన్4007 హాఫ్ వేవ్‌కు ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఫంక్షన్ జనరేటరు పెట్టి ఫ్రీక్వెన్సీని 50 కిలోహెర్ట్జ్ దాకా పెంచండి. ఆగిపోవాల్సిన అర్ధచక్రంలో కూడా డయోడు కాసేపు కరెంటును వెనక్కి వదులుతూ కనిపిస్తుంది. జంక్షన్‌లో నిలవ ఉన్న ఆవేశం ఖాళీ కావడానికి దానికి కొన్ని మైక్రోసెకన్లు పడతాయి, 50 హెర్ట్జ్ దగ్గర ఆ సమయం లెక్కలోకే రాదు. అదే చోట 1ఎన్4148 పెడితే తరంగం మళ్లీ శుభ్రంగా మారిపోతుంది, దాని రికవరీ సమయానికి డేటాషీటు హద్దు 4 నానోసెకన్లు.

ప్రశ్నించినవారి జవాబు: రెండో_ఏడు_ఇసిఇ

వేడెక్కిన డయోడు ఏదో అడిగాను. మైనస్‌కూ ఖ కొసకూ మధ్య ఉన్నదేనట. ఆ బ్రెడ్‌బోర్డు మీద ఆ రెండు రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ కరిగిన మచ్చ ఇంకా ఉంది.

క, ఖ తరంగాలు విడివిడిగా సున్నాకు కిందికి ఎందుకు దిగుతాయో నాకు తోచింది రాస్తున్నాను, తప్పైతే చెప్పండి. రెండు గ్రౌండులూ మైనస్ మీద ఉన్నాయి కాబట్టి, ఖ ప్లస్‌గా ఉన్నప్పుడు కరెంటు మైనస్ నుంచి డయోడు గుండా క కొసకు వెళ్తుంది. కరెంటు వెళ్లాలంటే క కొస మైనస్ కన్నా ఒక డయోడు వోల్టేజి మేర కింద ఉండాలి. ఎంత కింద అంటే, 1 కిలో ఓము లోడుతో శిఖరం దగ్గర 15 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు పారుతుంది కాబట్టి, నా పట్టిక ప్రకారం 0.68 వోల్టు.

సమాధానం 6: పాత_బెంచీ

తప్పేమీ లేదు. శిఖరం నుంచి పక్కకు జరిగే కొద్దీ కరెంటు తగ్గుతుంది కాబట్టి ఆ 0.68 కూడా తగ్గుతూ పోతుంది. సి.ఆర్.ఓ. నాబ్‌ను గడికి 0.2 వోల్టుకు తిప్పి చూస్తే ఆ దిగువ అంచు తిన్నగా కాకుండా చిన్న పడవ అడుగులా వంగి కనిపిస్తుంది.